చప్పుడు లేకుండా పడిన గేరు

మొన్న రాజోలు నుంచి అమలాపురం వస్తుంటే బస్సు డ్రైవరు గేరు మార్చబోయాడు. అది పడక కర్రుమంది. బస్సులో ఎవరూ తలెత్తలేదు. ఫోన్లు చూసుకునేవాళ్లు చూసుకుంటున్నారు, కునికేవాళ్లు కునుకుతున్నారు. నాకొక్కదానికే పళ్లు జివ్వుమన్నాయి. ఎడమకాలు దానంతటదే ముందు సీటు కింద దేన్నో తొక్కింది. పక్కనున్న అమ్మాయి "కాలు పట్టేసిందా మామ్మగారూ?" అని అడిగింది. ఆయ్ అన్నాను. అంతకంటే ఏం చెప్తాను?

నా పెళ్లినాటికి మావారు లారీ తోలేవారు. గోదావరికి ఇన్ని వంతెనలు లేని రోజులు. బండి మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. మిలిటరీవాళ్లు వాడి వాడి వేలంలో వదిలించుకున్న లారీ. ముక్కు పొడుగ్గా ఉండేది, తలుపు నిలవాలంటే తాడు కట్టాలి. మలికిపురంలో కొబ్బరికాయలు ఎక్కించుకుని రావులపాలెం దాకా వెళ్లేది. మా అత్తగారు దాన్ని "పెద్దకోడలు" అనేవారు. పొద్దున్నే లేవదట, లేస్తే ఊరంతా లేపుతుందట. అసలు పెద్దకోడలైన మా తోడికోడలు ఆ మాటకి ఒక్కసారి కూడా నవ్వగా చూడలేదు. ఆ బండికి గేరు ఊరికే పడదు. క్లచ్చి తొక్కి గేరు బయటికి తీసి, క్లచ్చి వదిలి, ఇంజను చప్పుడు సరైన స్థాయికి వచ్చేదాకా ఆగి, మళ్లీ తొక్కి అప్పుడు వెయ్యాలి. పై గేరుకైతే చప్పుడు దిగనివ్వాలి, కింది గేరుకైతే యాక్సిలేటరు కాస్త తొక్కి పెంచాలి. ఎంత అన్నది చెప్పే మీటరు ముల్లేమీ లేదు, చెవే చెప్పాలి. చెవి తప్పితే లోపల గేరు పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. మావారి చేతిలో అవి కొరుక్కోవని రేవులో లారీల్ని ఏరు దాటించే పంటు నడిపేవాళ్లు కూడా చెప్పుకునేవారు.

అలాంటిది, ఓ ఏడాది ఆయన చేతిలోనూ కర్రుమనడం మొదలెట్టాయి. ఆయన మెకానిక్కుని తిట్టేవారు. ఒక ఆదివారం కొత్తపేటలో మా పుట్టింటికి అదే లారీలో బయల్దేరాం. వెనక బస్సు హారను కొడుతూనే ఉంది, ఆయన పక్కకి తియ్యలేదు. గేరు మళ్లీ కర్రుమంది. మామూలు గొంతుతో "ఏవండీ" అని పిలిచాను. రోడ్డు చూస్తూనే ఉన్నారు. ఇంట్లో పిలిచినా పలక్కపోతే అన్నాళ్లూ కోపమనుకున్నాను. కాలవగట్టు మీద బండి ఆపించి, భుజం పట్టి నావైపు తిప్పుకుని గట్టిగా అడిగాను. ఆయన స్టీరింగు తుడుస్తూ చెప్పారు.

"ఇంజను మాట నాకందటం లేదే. చెప్తే అన్నయ్య నన్ను బండి దింపేస్తారు. ఇంకో పని నాకు రాదు."

"నాకు నేర్పండి. పక్కన కూచుని నేను విని చెప్తాను" అన్నాను. సైకిలు కూడా తొక్కిన మనిషిని కాదు.

తోలితే గానీ ఆ చప్పుడు పట్టుబడదని నన్నే స్టీరింగు ముందు కూచోబెట్టారు. ఆదివారం మధ్యాహ్నాలు బావగారు కునుకు తీసేవేళ కాలవగట్టు రోడ్డు మా బడి. కాళ్లందక వీపు వెనక గోనెసంచులు పెట్టుకునేదాన్ని. నాకు వినిపిస్తుంది గానీ తెలీదు, ఆయనకి తెలుసు గానీ వినిపించదు. గేరు రాడ్డు మీద నా చెయ్యి, నా చేతి మీద ఆయన అరచెయ్యి. చెప్పులు విడిచి, పాదం బండి అడుగు రేకుకి ఆనించి కూర్చునేవారు. లోపల పళ్లు కొరుక్కోగానే ఆ అదురు ఆయనకి తెలిసిపోయేది. "తొందరపడ్డేవు. కాస్త దిగనీ" అనేవారు. విసుక్కునేవారు కాదు. నేనే ఏడ్చేదాన్ని. చీరకి అంటిన మసి చూసి మా అత్తగారు, లారీ కూడా నువ్వే కడుగుతున్నావా అని జాలిపడ్డారు.

ఒకరోజు కాలవ లాకుల దగ్గర వంతెన ఎక్కుతూ కింది గేరుకి మార్చాను. ఏ చప్పుడూ లేదు. బండి నెమ్మదిగా ఎక్కుతోంది. ఆయన చెయ్యి మాత్రం నా చేతి మీద ఇంకా బిగుసుకునే ఉంది, ఎదురుచూస్తున్నట్టు. వంతెన దిగాక నా మొహంలోకి చూశారు.

"పడిందా?"

"పడిందండి" అని తలాడించాను.

మంచిది అని చెయ్యి తీసేసుకుని కాలవ వైపు తిరిగారు. నేను తప్పు చేసినంతసేపే ఆ బండి ఆయనకి అందుతోందని, నేను నేర్చుకున్నకొద్దీ ఆయనకేమీ మిగలదని అప్పుడు తెలిసింది. తరవాతి వారం కావాలనే గేరు తప్పించాను. ఆయన కనిపెట్టేసి, "అలా చెయ్యకు. పాపం, పళ్లు అరిగిపోతాయి" అన్నారు.

ఆ సాయంత్రమే వాళ్లన్నగారి దగ్గరికెళ్లి తాళం చేతిలో పెట్టేశారు. "నా చెవులు పోయేయి అన్నయ్యా. ఎవర్నో గుద్దేసేక చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం మేలు." బావగారు కేకలేస్తారని నేను గుమ్మం వెనక భయపడుతూ నిలబడ్డాను. ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. ఇంటికొచ్చాక, మరి నాకెందుకు నేర్పేరని మావారిని చేతులు తిప్పి అడిగాను.

"నీ చేతిలోంచి ఇంకొన్నాళ్లు వినొచ్చనుకున్నాను" అన్నారు.

ఆ తరవాత కొబ్బరికాయలు వలిచే పాకలో పని చూసుకునేవారు. కొత్త డ్రైవరు ఇంటిముందే గేర్లు కరకరలాడించేవాడు. వంటింట్లో నేను కళ్లు మూసుకునేదాన్ని. ఆయన మాత్రం ప్రశాంతంగా పీచు దులుపుకుంటూ ఉండేవారు. ఆ చప్పుడు ఆయనకి వినపడకపోవడమొక్కటే ఆ దేవుడు చేసిన మేలు. కొన్నాళ్లకి లారీ పాత ఇనుములో పోయింది. నేను మళ్లీ ఏ బండీ తోలలేదు. జుట్టు సగమైనా నెరవకముందే, ఓ వానాకాలం జ్వరంతో మావారూ వెళ్లిపోయారు.

పెళ్లిలో ఆయన నాకంటే బాగా పెద్ద, అందరూ ఆ మాటే అన్నారు. ఇప్పుడు ఫొటోలో చూస్తే మా చిన్నబ్బాయి వయసు మనిషిలా ఉంటారు. ఆయన ఎన్నడూ చూడని ముసలితనంలో నేను ఒక్కదాన్నీ ఉన్నాను. కాలం ఆయన్ని ఆ వయసులోనే ఉంచేసి, నన్ను మాత్రం అడక్కుండానే ఆయనకి పెద్దదాన్ని చేసేసింది.