ఇరవై నాలుగు గంటల క్యాను

మనిషి బెదిరినప్పుడు రక్తంలోకి దూకే అడ్రినలిన్ ఎక్కువసేపు నిలవదు. రక్తం తీయడానికి సూది పట్టుకుని వెళ్లేలోపే విరిగిపోతుంది. విరిగాక మిగిలేవాటిని మెటానెఫ్రిన్లు అంటాం. అవి మూత్రంలో దిగుతాయి. ఒక పగలూ ఒక రాత్రీ పోసినదంతా ఒకే క్యానులో పట్టి కొలిస్తే, ఆ శరీరం ఎంత బెదిరిందో స్థూలంగా తెలుస్తుంది. స్థూలంగా అన్న మాట కావాలనే వాడుతున్నాను. గుండె బలహీనపడినా, పక్షవాతం వచ్చినా, నిద్ర కరువైనా, దిగులుకు కొన్ని రకాల మాత్రలు వేసుకున్నా ఆ అంకె పెరగవచ్చు. చెన్నైలోని ఒక పరీక్షశాలలో, ఫలితాలు బయటికి వెళ్లేముందు సరిచూడటం నా ఉద్యోగం. తమ స్ట్రెస్ ఎంతో ఒక్క అంకెలో చెప్పమని వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు, అది అలా చెప్పే అంకె కాదని వివరించడంతోనే నా ఓపిక సగం తీరిపోతుంది.

పెరిగిన అంకెను శంకించడం నాకు వృత్తి. మామూలుగా ఉన్న అంకెను చూసి ఒళ్లు చల్లబడింది మాత్రం పురసవాక్కంలో, నేను పైవాటాలో అద్దెకున్న ఇంటి కింది వాటాలో.

ఇంటి యజమానురాలిని నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ల తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. భర్త అంబత్తూరులో లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఒకరోజు పొద్దున వాకిట్లో ముగ్గు వేయడానికి వంగిన అక్క, లేస్తూనే గోడ పట్టుకుంది. ముఖం ఎర్రబడలేదు, చేతిలోని ముగ్గుపిండిలా పాలిపోయింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. తల పగిలిపోతోందని మాత్రం అంది. నా బీపీ మిషను తెచ్చి చుట్టాను. కనిపించిన అంకెను నమ్మలేక మళ్లీ చుట్టాను. అదే వచ్చింది. కాఫీ తాగి కాసేపు కూర్చున్నాక చూస్తే అంతా మామూలు. అప్పటిదాకా ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా అలాగే మామూలుగా ఉందట. వైద్యుడొకాయన టెన్షన్ అన్నాడు. వీధిలోవాళ్లు దిష్టి అన్నారు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. నేను రెండూ నమ్మలేదు. నాకు మూడో అనుమానం ఉంది. కానీ ఒక్కసారి చూసినది రుజువు కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో అరుదుగా ఒక గడ్డ పుడుతుంది. అది తనకు తోచినప్పుడు అడ్రినలిన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. వంగినా, కడుపు మీద ఒత్తిడి పడినా చాలు. అలాంటి గడ్డ ఉన్నట్టు తెలియకుండా, ముందు మందులతో సిద్ధం చేయకుండా మత్తిచ్చి కడుపు కోస్తే, రక్తపోటు ఎవరి చేతుల్లోనూ నిలవదు. మనిషి బల్ల మీదే పోవచ్చు.

అక్కకు పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఆపరేషన్‌కు ముందు పరీక్షల్లో బీపీ పడిలేవడం చూసిన సర్జన్‌కూ ఇదే సందేహం వచ్చి, మూత్ర పరీక్ష రాశాడు. మా పరీక్షశాల శాఖల్లో ఒకదాంట్లో చేయించారు. ఫలితం నార్మల్. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ సాయంత్రం అన్న, అంటే అక్క భర్త, సౌకార్‌పేట నుంచి జిలేబి పొట్లం తెచ్చి, ఒకసారి చూసి పెట్టమ్మా అంటూ రిపోర్టు నా చేతికిచ్చాడు. చూశాను. అంకెల్లో తప్పు కనిపించలేదు. నాకు ఊరట కలగాలి. కలగకపోవడం శాస్త్రం కాదు గనుక, జిలేబి తీసుకున్నాను.

అప్పుడు అక్క ఎగతాళిగా అంది.

"ఏం ల్యాబు పాపా మీది? క్యాను అడుగున ఆసిడ్డు అట్నే వదిలేసి ఇచ్చినారు. కంపు. బాత్రూము కడిగే క్యానేమో అనుకుంటి. నేనే మూడు తూర్లు కడిగి ఎండబెట్టినా."

జిలేబి నోట్లో ఉండగానే అడిగాను, దాని మీద చీటీ అంటించలేదా అని. అంటించారట. ఆసిడ్ అని తమిళంలో రాసుందట, అక్క చదివిందట కూడా. ఆసిడ్‌తో తోమి నీళ్లతో కడగడం మరిచిపోయారని అర్థం చేసుకుంది. బయటినుంచి వచ్చిన పాత్రను, కొత్త స్టీలు గ్లాసునైనా సరే, కడగకుండా వాడడం ఆ ఇంట్లో లేదు. ఆ ఆమ్లం మేం కావాలని పోసేది. అది లేకపోతే మేం కొలవాల్సినవి క్యానులోనే ఇంకా చెడిపోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టారా అని అడిగాను. అక్క నావైపు జాలిగా చూసింది. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉంది, మంగళవారం పూజకు పాలున్నాయి. క్యాను డాబా మీది స్నానాలగదిలో, రేకుల కప్పు కింద, మే నెల ఎండలో పగలంతా ఉంది.

ఎంత చెడిపోయిందో నేను చెప్పలేను. అసలు చెడిపోకపోయి ఉండవచ్చు; మెటానెఫ్రిన్లు మరీ సుకుమారమైనవి కావు. శాఖలో తీసుకున్నవాళ్లు ఆమ్లం ఉందో లేదో చూడాలి. చూశారో లేదో తెలియదు. రాళ్లు అలాగే ఉంటే పిత్తాశయం చీము పట్టవచ్చు, కాబట్టి ఆలస్యమూ ప్రమాదమే. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పి, పరీక్ష మళ్లీ చేయించాలన్నాను. అన్న నా చేతిలోంచి రిపోర్టు తీసుకున్నాడు. తర్వాత మర్యాద తగ్గకుండానే అడిగాడు.

"నార్మల్ అని రాసిచ్చింది మీ ల్యాబే గదమ్మా. దాన్ని మీరే నమ్మొద్దంటే మేం ఎవుర్ని నమ్మాల?"

"ల్యాబు అబద్ధం చెప్పలేదన్నా. క్యానులో ఉన్నదాన్ని కొలిచింది. అక్క ఒంట్లో ఉన్నది అందులో మిగిలిందో లేదో నాకు తెలీదు."

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు సర్జన్‌కు నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన వాదించలేదు. తేదీ రద్దు చేశాడు. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు; ఆయనకూ ఆ భయమే ఉందన్నమాట.

రెండోసారి క్యాను మా ఫ్రిజ్‌లో పెట్టాం. కూరగాయలు బయటికి తీసి, కింది అర ఖాళీ చేసి, నల్ల కవరులో చుట్టి ఉంచాను. అక్క ఒక ప్లాస్టిక్ మగ్గు మీద పళ్లెం మూసి, కొంగు కప్పి మెట్లెక్కి వచ్చేది. మొదట సిగ్గుపడింది. తర్వాత నవ్వింది.

"నా ఇంట్లో నేనే నీకు బాడుగ కట్టాల్సి వచ్చె, సూడు. ఫ్రిజ్జుకి ఎంత తీసుకుంటావు?"

చివరిసారి, మర్నాడు తెల్లారి, పైకి వస్తూ మెట్ల మీదే కూర్చుండిపోయింది. మగ్గు మాత్రం ఒలకనివ్వలేదు. వెళ్లేసరికి అదే తెలుపు, అదే చెమట, మెడలో నరం కొట్టుకోవడం కంటికి కనిపిస్తోంది. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చిన మొదటి మాట, ఇది క్యానులో నమోదు కాదే, మగ్గు ముందే నిండిందే అని. మగ్గు అందుకుని పక్కన పెట్టి, ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను. చీర మీదుగా గుండె దడ నాకు తగులుతూ ఉంది.

క్యాను నేనే ఆటోలో, మంచు సంచిలో, మా ప్రధాన పరీక్షశాలకు తీసుకెళ్లాను. లిట్మస్ కాగితం ఎర్రబడింది, ఆమ్లం ఉంది. పరిమాణం చూశాను. క్రియాటినిన్ చూశాను; రోజంతా పోసినది పూర్తిగా పట్టిందీ లేనిదీ అది చెబుతుంది. పూర్తిగా పట్టింది. తప్పు వెతకడానికి నాకు తెలిసిన చోట్లన్నీ వెతికాను. ఈసారి ఏదో ఒకటి దొరికితే బాగుండుననిపించింది.

ఫలితం వచ్చినప్పుడు తెరమీద అంకె లేదు. మా యంత్రం కొలవగల హద్దు దాటితే అంకె బదులు ఒక బాణం గుర్తు చూపిస్తుంది, పైకి. అప్పుడు నమూనాలో నీరు కలిపి, పలచన చేసి, మళ్లీ కొలవాలి. ఎన్ని రెట్లు పలచన చేయమంటారని సహోద్యోగిని అడిగింది. చెప్పాను. ఆమె నా ముఖం చూసి, నమూనా గొట్టం అందుకుంది.

ఫోన్ మోగింది. అక్క.

"ఏమొచ్చె పాపా? ఆడ ఆస్పత్రిలో కొత్త డేటు చెప్పమంటాండారు."

వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది. ఆమె వంటింట్లో, బహుశా ఏ గిన్నెకోసమో వంగుతూ ఉంది.

"ఇంకోసారి కొలుస్తున్నారక్కా," అన్నాను. "డేటు ఇవ్వొద్దు. బరువులెత్తకు. వంగకు. పొయ్యి ఆపేసి కూర్చో, నేను వస్తున్నాను."

అటువైపు కుక్కర్ మరో కూత వేసింది. తర్వాత పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది.