ఇప్పచెట్టులో ఇంగువ

తొంభైల మధ్యలో మా నాన్న భిలాయి వైశాలి నగర్‌లో ఒక ప్లాటు కొన్నాడు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. రిటైరైతే కంపెనీ ఇచ్చిన సెక్టార్ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సొంతూరు విజయనగరం వెళ్లిపోదామంటే, భిలాయిలో పుట్టి పెరిగిన నాకు హిందీ వచ్చినంత సాఫీగా తెలుగు రాదు. నేను కాలేజీలో ఉన్నాను కూడా. అందుకని ఇల్లు ఇక్కడే కట్టుకోవాలనుకున్నాం. ఆ ప్లాటు నడిమధ్య ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది.

పునాది తవ్వకముందే ఒకాయన సైకిలు మీద వచ్చి ఆ చెట్టు చుట్టుకొలత తీసుకున్నాడు. చెట్ల సంగతి చూసే ఇన్‌స్పెక్టరట. స్థలం మీదే అయినా అనుమతి లేకుండా ఇప్పచెట్టు కొట్టకూడదనీ, దాన్ని తప్పించి ఇల్లు కట్టుకోవాలనీ, చెట్టుకి ఏమైనా అయితే పని ఆపిస్తాననీ చెప్పి వెళ్లాడు.

"నా జాగాలో సెట్టు కొట్టడానికి ఇంకొకడి పర్మిషనేటి?" అన్నాడు నాన్న, ఇన్‌స్పెక్టరు సందు మలుపు తిరిగాక. ఆ వెంటనే ఇంకో ప్రశ్న నాన్నని పట్టుకుంది. మనం చెట్టు కొట్టబోతున్నామని ఆ మనిషికి ఎవరు చెప్పారు?

పక్కింట్లో ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడని నేను కాకీ, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. ఆవిడ తన ఆవుని మా చెట్టు నీడలో కట్టేది. "ఆవిడే ఉప్పందించింది" అని నాన్న తేల్చేశాడు. ఆవిడ నమస్తే అంటే వినపడనట్టు పోయేవాడు. ఇటుకలు తగ్గినా, సిమెంటు బస్తా తడిసినా ఆవిడ పనే అనేవాడు. ఆవిడ మాత్రం తక్కువ తిందా? నాన్న చెట్టు దగ్గర నిలబడితే చాలు, గోడ మీంచి తల పైకి లేచేది.

ప్లాను మార్చాల్సి వచ్చింది. నాన్న స్నేహితుడొకాయన కొత్తది గీసిపెట్టాడు. ముందుగది చెక్కుచెదరలేదు, పడకగదులూ అలాగే ఉన్నాయి. చెట్టుకి వదిలిన జాగా అంతా వంటింట్లోంచి పోయింది. కిటికీ లేని సందొకటి మిగిలింది. అమ్మకి చూపిస్తే కాసేపు చూసి, "అలాగే కానీండి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ప్లాను ప్రకారమే పునాది తవ్వారు. వానలు తగ్గాక చెట్టుకి ఒక పక్క కొమ్మలు వాడిపోయాయి. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి కాకీ కబురు పెట్టిన మాట నిజమే, ఆవిడే చెప్పింది. ఆయన చెట్టు చుట్టూ తిరిగి, మొదలు దగ్గర ఒకచోట మట్టి పూసి ఉంటే గోకాడు. వేలు పట్టేంత రంధ్రం బయటపడింది. వడ్రంగి బరమాతో తొలిచినట్టు గుండ్రంగా ఉంది. పుల్లతో లోపల కెలికి, వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు.

"హింగ్!"

తొలిచి ఇంగువ పెడితే చెట్టు చస్తుందని చాలామంది నమ్మకం. కాకీ కూడా ఆ పుల్ల వాసన చూసింది. తర్వాత నా వైపు చూసింది. మధ్యాహ్నాలు మేం సైటుకి తెచ్చుకునే పప్పుపులుసులో ఇంగువ ఘాటు ఆవిడ ఎరగనిది కాదు.

ఎవరు చేశారో తేలేదాకా పని ఆపమని చెప్పి ఆయన వెళ్లాడు.

నాన్న ముందు మేస్త్రీని అనుమానించాడు, ఆ తర్వాత వడ్రంగిని. నేను నాన్నని అనుమానించాను. అంతకుముందు ఒకసారి ఆయన అరచేత్తో ఆ మొదలు తట్టి చూడడం నా కంటపడింది. క్వార్టరుకి రాగానే ఇంగువ డబ్బా తీశాను. ఊరి నుంచి అత్త పంపిన ముద్ద ఇంగువ గోటికి అంటేంత మిగిలింది. మూత పెట్టేసరికి వెనకాల అమ్మ.

"ఏటి ఎతుకుతన్నావు?"

"ఏం లేదమ్మా."

అమ్మ ఇంకేమీ అడగలేదు. నాన్నని వెనకేసుకొస్తోందనుకున్నాను. ఆ పూట ముగ్గురం ఎవరి కంచంలోకి వాళ్లు చూసుకుంటూ తిన్నాం. చారులో ఇంగువ లేదు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చినప్పుడు మేం ముగ్గురం సైటులోనే ఉన్నాం. కాకీ గోడ దగ్గరుంది. ఆయన నోరు తెరవకముందే నాన్న హిందీలో అన్నాడు, "ఇంటి యజమానిని నేను. చేసింది నేనే. ఏం చేసుకుంటారో చేసుకోండి."

నా అనుమానం నిజమైందనుకున్నాను. అమ్మ మాత్రం కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"ఆయనకి ఇంగువ డబ్బా ఎక్కడుంటాదో కూడా తెల్దు. వడ్రంగి బువ్వకెళ్లినప్పుడు ఆడి బరమాతో నానే సేసాను. నా హిందీ సుపేలా బజారుకే సాలుతాది. నువ్వు సెప్పవే ఆ బాబుకి."

నేను నాన్న వైపు చూశాను.

"సెప్పు. ఇన్నేళ్లూ క్వార్టర్లో ఆ అగ్గిపెట్టెలో వండేను. సొంతిల్లంటే మళ్లీ సీకటి కొట్టేనా? సెట్టుకి జాగా ఇచ్చేరు, ముందుగదికి ఇచ్చేరు. నన్నొక్క మాటడిగేరా? సెట్టు పోతే నా వంటిల్లు నాకొస్తాదనుకున్నాను."

తడబడుతూనే అంతా హిందీలో చెప్పాను. నాన్న గొంతు తగ్గించి, "మరి నాతో అనొచ్చు కదా?" అన్నాడు.

"మీరడిగితే అందును."

ఇన్‌స్పెక్టరు వాడిన కొమ్మ ఒకటి విరిచి చూశాడు. వాడిపోయింది ఇంగువ వల్లో, పునాదికి తవ్వినప్పుడు వేళ్లు తెగడం వల్లో తను చెప్పలేనన్నాడు. అయినా జరిమానా వేశాడు, ప్రహరీ పక్కన మొక్కలు నాటమన్నాడు, చెట్టు తేరుకున్నాకే పని మొదలుపెట్టమన్నాడు. నాన్న తలూపాడు.

ఎండిన పక్క రెండు కొమ్మలు పోయాయి కానీ చెట్టు నిలిచింది. ఈసారి ప్లాను అమ్మని కూర్చోబెట్టి గీశారు. ముందుగది సగమైంది, వంటిల్లు చెట్టు వైపుకి వచ్చింది. కాకీ మమ్మల్ని పూర్తిగా నమ్మినట్టు లేదు. ఆవుని కట్టడానికి వచ్చినప్పుడల్లా మొదలు చుట్టూ తడిమి చూసేది. అమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకునేది.

అమ్మ "అలాగే" అంటే నాన్నకి ఇక నమ్మకం పోయింది. ఆమె సరేనంటే ఆయనకి కంగారు. గేటు ఎటు పెడదామని అడిగితే "మీ ఇష్టం" అంది. ఆయన వెంటనే మేస్త్రీ చేతిలో గడ్డపార ఆపించాడు. అమ్మ వచ్చి, ఎండలో నిలబడి, ఇటు అని వేలు చూపించేదాకా గుంట తవ్వనివ్వలేదు.