కంచె బయటి తొట్టి

నాగరికత అంటే ఏమిటని బళ్ళో అయ్యవారు అడిగితే, "ప్యాంటు" అని చెప్పి దెబ్బలు తిన్నదాన్ని నేను. ఏం చెయ్యను? మా ఇంట్లో ఆ మాటకు అర్థం అదే. తుమకూరు పోయి ప్యాంటు తొడుక్కొచ్చినవాణ్ణి చూస్తే చాలు, "అబ్బో, నాగరీకం ముదిరినాదప్పా!" అని మా పెద్దమ్మ మూతి తిప్పేది. పుస్తకంలో చూస్తే నదులు, ఇటుక గోడలు, మురుగు కాలవలు. మా పావగడ దిక్కున పారే నది లేదు కాబట్టి నాగరికత మాకు రాదేమోనని నిజంగానే బెంగపడ్డాను.

చాలా ఏళ్లకు మా తిరుమణికి సోలారు కరెంటు ప్లాంటు వచ్చింది. తారు రోడ్డు, వీధి దీపాలు, ఏసీ ఆఫీసు! ఇన్నాళ్లకు నాగరికతకు మా ఊరి దారి తెలిసిందని మురిసిపోయాను. వానల్లేక శనక్కాయ పంటతో విసిగిపోయిన మా పెద్దనాయన కూడా చేను ఆ ప్లాంటుకు కౌలుకిచ్చేసి, గొర్రెలు అమ్మేశాడు.

ఆ చేలో బోరు, దాని పక్కన రాతి తొట్టి ఉండేవి. బలసముద్రం వైపు నుంచి వచ్చే మందలన్నీ అక్కడే నీళ్లు తాగేవి. బోరున్నవాడు తొట్టి కట్టాలి, ఎవరి గొర్రె వచ్చినా కాదనకూడదు. మా దిక్కు కట్టుబాటు అది. కంచె వేశాక తొట్టి లోపల ఉండిపోయింది. గొర్రెలకేం తెలుసు? ఎండాకాలం రాగానే మిట్టమధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చి, కంచెకు మూతులు ఆనించి అరిచాయి.

ఆ రోజు పెద్దనాయన అన్నం ముట్టలేదు. "సంతకం పెట్టేటప్పుడు తొట్టి మాటే మరిచిపోతినే! నా చేతులారా నీళ్లకు తాళమేసినా" అని తల కొట్టుకున్నాడు.

మర్నాటి నుంచి సైకిలుకు బిందెలు కట్టుకుని, ఇంటి నీళ్లు మోసి కంచె పక్కన బానలో పోశాడు. అంత మందకు అవి ఏ మూలకు? సగం గొర్రెలు తడి మట్టి నాకి పోయేవి. నాకు ఒళ్లు మండింది. "నీకు ఒక్క గొర్రె కూడా లేదు గదా, ఎవరికోసం ఈ చాకిరీ?" అని అరిచాను.

"గొర్రెలు నావి కావులే పాపా. తొట్టి నాదే గదా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. నాగరికత మా ఊరికి తారు రోడ్డు మీద రాలేదు, ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. ఆ ముసలాయన్ని చూస్తే నాకు గర్వమేసింది.

ప్లాంటు ఇంజనీరుకు కన్నడం తప్ప రాదు. కంచె కింద పైపు వెయ్యమని పెద్దనాయన పోయి వచ్చీరాని కన్నడంలో అడిగితే, "మీ గొర్రెలెన్ని?" అన్నాడట. "ఒకటీ లేదు" అనేసరికి నవ్వి పంపేశాడు. కానీ తర్వాత ఒకరోజు ఎండలో బిందెల సైకిలు తోస్తున్న మనిషిని చూసి జీపు ఆపాడు. పైవాళ్లతో మాట్లాడింది ఆయనే, దగ్గరుండి పైపు వేయించి బయట తొట్టి కట్టించిందీ ఆయనే.

నీళ్లు వదిలిన రోజు గొర్రెలు తొట్టి మీద పడ్డాయి. పెద్దనాయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ల సీసా చేతిలో పెట్టి, "ముందు నువ్వు తాగు, పడిపోతే నేను ఎత్తలేను!" అని కసిరాను.

"ఉండు పాపా. ఆ కుంటిది ఇంకా రాలేదు" అన్నాడు.

మంద వెనకాల దూరంగా ఒక గొర్రె కాలీడ్చుకుంటూ వస్తోంది. పెద్దనాయన ఏమన్నాడని పక్కనే ఉన్న ఇంజనీరు అడిగితే కన్నడంలో చెప్పాను. నోటిదాకా ఎత్తిన తన సీసాను ఇంజనీరు దించి, మూత పెట్టేశాడు. ఆ గొర్రె వచ్చి, తాగి తలెత్తేదాకా మా ముగ్గురిలో ఎవరమూ నీళ్లు ముట్టలేదు.