ఖాదర్‌బీ ఆరు సంచులు

మీరు సరిగా చూడని వస్తువు గురించి ఎప్పుడైనా కాగితం మీద సంతకం పెట్టారా? లేదని చెప్పేముందు ఒక్క క్షణం ఆలోచించండి. నన్నడిగి ఉంటే నేనూ లేదనే చెప్పేవాణ్ణి. నమూనా నా చేత్తో నేనే తీశానని వాదించేవాణ్ణి కూడా.

అది 1949. పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తోంది. నిజాం పాలన ముగిసినా హైదరాబాదు రాష్ట్రపు సొంత సుంకాలు మాత్రం ఇంకా ఉన్నాయి. రాష్ట్రం దాటి వెళ్ళే సరుకును సికింద్రాబాదు స్టేషన్ గూడ్స్ షెడ్డులో తనిఖీ చేసేవాళ్ళం. కళాశాలలో చర్చాపోటీల కప్పులు గెలిచిన ధీమాతో నేను అక్కడ గుమస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నా పని క్లాసిఫికేషన్, అంటే వచ్చిన సరుకు టారిఫ్ అనే సుంకాల పట్టికలో ఏ తరగతి కిందికి వస్తుందో తేల్చడం.

పొగాకు విషయంలో ఇది చెప్పినంత సులువు కాదు. ఆకుగా ఉంటే ఒక తరగతి, చుట్టగా చుడితే మరొకటి, నశ్యంగా నూరితే ఇంకొకటి. బీడీ కార్ఖానాల్లో ఊడ్చి పోసిన కాడలకూ దుమ్ముకూ ‘పొగాకు చెత్త’ అని వేరే పేరు, నామమాత్రపు సుంకం. నశ్యం తయారైన వస్తువు కనుక దాని సుంకం చాలా ఎక్కువ. నశ్యాన్ని చెత్తగా డిక్లరేషన్‌లో చూపిస్తే, అంటే సరుకు యజమాని రాసిచ్చే ప్రకటనలో అబద్ధమాడితే, సరుకు జప్తవుతుంది, వ్యాపారం చేసుకునే పర్మిటు రద్దవుతుంది.

ఒక ఉదయం ఆరు సంచులు వచ్చాయి. డిక్లరేషన్‌లో ‘పొగాకు చెత్త, బెజవాడకు’ అని ఉంది. పంపినది బన్సీలాల్‌పేట్ ఖాదర్‌బీ. ఆమె అప్పటికి అక్కడ లేదు. సంచుల్లోకి గుచ్చి నమూనా తీసే మొనదేలిన ఇనుప గొట్టం మా దగ్గర ఉండేది. దాన్ని ఒక్కొక్క సంచిలోకి పొడిచాను. ఆరు సంచుల నుంచీ మెత్తటి గోధుమరంగు పొడి రాలింది. కాడ లేదు, ఈనె లేదు. పొట్లం కట్టి సీలు వేసి, ‘ఇది నశ్యం, డిక్లరేషన్ అసత్యం’ అని రిపోర్టు రాశాను. చర్చావేదిక మీద ప్రసంగంలా అది ఎంత పకడ్బందీగా ఉందంటే, మా సూపరింటెండెంటు రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు. విచారణ ఆ మధ్యాహ్నానికే పెట్టారు.

పదకొండు గంటలకు ఖాదర్‌బీ వచ్చింది.

“నా సరుకు ముక్కుపొడి అని రాసిందెవరు సారూ?”

“నేనేనమ్మా.”

“నువ్వా? గింత సదువుకున్నోనివి, జెర నీ ముక్కుల వెట్టుకొని సూడకపోయినవ్? గప్పుడే తెలుస్తుండె.”

హమాలీలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

“మా ఆయన బొల్లారంల ఫౌజుల ఉండె. ఫౌజు పాయె, నౌకరి పాయె. ఏడాది సంది కార్ఖానాలు ఊడ్చి గీ చెత్త అమ్ముకుంటనే బతుకుతున్నం. బెజవాడ దిక్కు మిర్పతోటలోళ్ళు ఉడకవెట్టి పురుగుకు కొట్టుకుంటరంట. పర్మిటు గుంజుకుంటే మేమేం తినాలె?”

“మీ కష్టం వేరు, సరుకు స్వభావం వేరు. సంచిలోంచి మెత్తటి పొడి వచ్చింది. దానికి మీ సమాధానం ఏమిటి?”

“యాడికెల్లి తీసినవ్?”

“అడుగు మూల నుంచి. ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి, అదే అందింది.”

“ఆరిట్ల గట్లనే తీసినవా?”

“అన్నిటికీ అంతే.”

ఆమె నన్ను జాలిగా చూసింది. “ఎన్నడన్న జల్లెడ వట్టినవా బేటా? బండి మీద గడగడ ఊగుకుంట వచ్చినయ్ సంచులు. ఊగితే మెత్తది కిందికి దిగుతది, కాడ మీదికొస్తది. గిది ఏ ఆడోళ్ళనడిగినా చెప్తరు.”

చర్చాపోటీలో జవాబు లేకపోతే ప్రశ్న మార్చేవాణ్ణి. మనకిచ్చిన పక్షాన్ని చివరిదాకా విడవకూడదన్నది అక్కడి నియమం. కానీ ఇక్కడ నాకెవరూ పక్షం ఇవ్వలేదు. దాన్ని నేనే ఎంచుకున్నాను. హమాలీని పిలిచి ఆమె ఎదుటే ఆరు మూతులూ విప్పించాను. పైన వేలెడు పొడవు కాడలు, తెగిన దారాలు, బీడీ ఆకు ముక్కలు. మోచేతి లోతున ముతక రజను. దాని కిందనే నా ‘నశ్యం’.

సూపరింటెండెంటు వచ్చి చూశారు. ఆయన మద్రాసు రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చినవారు.

“పైన చెత్త పోసి కింద నశ్యం దాచకూడదని ఉందా? ఆ మాత్రం తట్టలేదా నీకు?”

“సరైన ప్రశ్నే సార్. తేల్చుదాం.”

స్టేషన్ బయటి దుకాణం నుంచి చిటికెడు నశ్యం తెప్పించాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో ఆ నశ్యం, రెండోదానిలో నా సీలు పొట్లంలోని పొడి కలిపి, కాసేపు కదపకుండా ఉంచాను. నశ్యం కలిపిన గ్లాసు అడుగున మెత్తటి బురద తప్ప మరేమీ లేదు. నా పొడి వేసిన గ్లాసు అడుగున ఇసుక పేరుకుంది. కార్ఖానా నేల మీది ఇసుక. ఆ పొడిని ఉదయమే రెండు వేళ్ళ మధ్య నలిపి ఉంటే గరగర తెలిసేది. నేను నలపలేదు.

“నీ మొదటి రిపోర్టు ఫైలులోనే ఉంటుందయ్యా, చింపడానికి వీల్లేదు” అన్నారాయన, గొంతు తగ్గించి. “ఉద్యోగం ఖాయం చేసేవాళ్ళు చదువుతారు. పైగా ఈ రోజుల్లో, నిజాం ఫౌజువాడి భార్యకు సాయం చేశావనీ అంటారు.”

“అననివ్వండి సార్. చింపమని నేను అడగడం లేదు. దాని కిందే రెండోది రాస్తాను.”

రాశాను. ‘సరుకు యజమాని లేనప్పుడు, ఒక్క చోటి నుంచే నమూనా తీశాను. తప్పు నాది. ఇది పొగాకు చెత్త, డిక్లరేషన్ సత్యం.’ మొదటి రిపోర్టుకు మూడు పేరాలు పట్టాయి. దీనికి మూడు వాక్యాలు చాలాయి. ఆయన గ్లాసు అడుగున వేలు పెట్టి ఇసుకను నలిపి చూసి, సంతకం చేశారు.

సంచుల మూతులు కుట్టే ముందు ఖాదర్‌బీ ఆ గ్లాసు అందుకుంది. నీళ్ళు వంపేసి, అడుగున మిగిలిన తడి ఇసుకను తన సంచిలోకి దులిపింది.

“గిది గూడ నాదే” అంది, నా వైపు చూడకుండా.

నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనకబడింది. కారణం ఏమిటని లిఖితపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. కానీ ఆనాటి నుంచి యజమాని రాకముందు నేను ఏ సంచినీ తాకలేదు. పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా తీయకుండా ఏ కాగితమూ రాయలేదు. ఖాదర్‌బీ ప్రశ్నించకపోయి ఉంటే నా చక్కని తెలుగు ఒక ఇంటి అన్నం తీసేసి ఉండేదని నాకు తెలుసు.

కనుక మీకొక మనవి. మీ సరుకునో, మీ పొలాన్నో, మీ దరఖాస్తునో ఎవరైనా పరీక్షించడానికి వస్తే, పక్కకు తప్పుకోకండి. అక్కడే నిలబడి, ఎక్కడి నుంచి తీశారని అడగండి. మూడు చోట్ల తీయమనండి. గుమస్తా విసుక్కుంటాడు. అయినా అడగండి.