ఎనిమిది వేళ్ళ ఫమావు

ఫమావుకి మాట వినపడదు, లెక్కే వినపడుతుంది. లాము రేవులో తెరచాపలు కుట్టుకునే ఈ పెద్దమనిషి ముందు ఎవరు నోరు తెరిచినా సరే, ఆయన బొటనవేళ్ళు మిగతా ఎనిమిది వేళ్ళ మీద పరుగు లంకించుకునేవి. ఆ ఊరి పద్యంలో పాదానికి ఎనిమిది అక్షరాలు. మరి మనిషి మాటకు మాత్రం మినహాయింపు ఎందుకంటాడు!

"చేప తాజాగా ఉంది," అనేవాడు చేపలవాడు.

"ఏడే! ఒకటి తగ్గింది."

"మంచి చేప తాజాగుంది!"

"ఆహా! ఇటిచ్చెయ్!"

ఎనిమిది కుదిరిన సంబరంలో కుళ్ళిన చేప ఇంటికి తెచ్చిన రోజులు కోకొల్లలు.

పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే ఆయన భార్య మొదట "సరే" అందట. "రెండే," అని ఈయన కదలకుండా నిలబడ్డాడు. ఆవిడకి ఒళ్ళు మండి, "సరే లేవయ్యా పిచ్చోడా!" అంది. ఎనిమిది! ఆ పూటే పెళ్ళి ఖాయమైపోయింది.

అలాంటి మేనమామ చేతుల్లో పెరిగిన స్వఫియాకి పెళ్ళి కుదిరింది. కాబోయే అత్తగారిని పొగుడుతూ పెళ్ళికూతురు రాసిన పద్యాలు రెండిళ్ళ చుట్టాల ముందు చదివించాలి. స్వఫియా రాయడానికి కూర్చున్న రోజే అత్తగారు బీ కోంబో ఆమె వండిన కొబ్బరన్నం రుచి చూసి, "ఇది అన్నమా, సున్నమా?" అనేసి వెళ్ళింది. ఆ మంటలో ఒక పాదం పడింది: "అత్త నోరు పెద్ద గొయ్యి." కొట్టేద్దామంటే పద్యానికి మూడు పాదాలే మిగులుతాయి, మామ ప్రాణం తీస్తాడు. తర్వాత మారుద్దాంలే అనుకుని, గోరింటాకు హడావిడిలో మర్చిపోయింది.

చుట్టాలంతా చేరిన రోజున చదివేది ఊరి పాటగాడు అథ్మాని. అతను గొంతెత్తితే రేవు దాకా వినపడుతుంది. పొగడ్త మీద పొగడ్త పడుతుంటే బీ కోంబో ముఖం వెలిగిపోతోంది. అథ్మాని అదే ఊపులో "అత్త నోరు పెద్ద..." అని రాగం తీశాడు. స్వఫియాకి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళి పెటాకులైనట్టే!

"ఆగు!" కాఫీ గిన్నెలు తన్నుకుంటూ వచ్చి ఫమావు కాగితం లాక్కున్నాడు. చూశాడు. వేళ్ళు మడిచాడు. "తొమ్మిది! పాదం కుంటుతోంది!" అంటూ కాగితాన్ని టోపీలో దోపేశాడు.

"మొదలెట్టాడ్రా బాబూ!" అని అందరూ గొల్లుమన్నారు.

బీ కోంబో మాత్రం నవ్వలేదు. "ఆగండాగండి. నా నోరు పెద్ద ఏమిటట?"

"అండ! 'అత్త నోరు పెద్ద అండ'. లెక్క రాక పిల్ల చెడగొట్టింది."

"మరేమనుకున్నారు!" బీ కోంబో పొంగిపోయి లేచి నిలబడింది. "నోరున్నదాన్నే! నా కోడల్ని ఎవరైనా ఒక్క మాట అనమనండి, చూస్తాను!"

హల్వా పంచుతున్నప్పుడు స్వఫియా మామ పక్కన చేరి, ఓణీ చాటున మెల్లగా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"మామయ్యా, అందులో ఎనిమిదే ఉన్నాయి."

పుట్టి బుద్ధెరిగాక లెక్క తప్పని మనిషి హల్వా నములుతూ టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"తెలుసులే పిచ్చిదానా."

స్వఫియా వేళ్ళు వాటంతటవే మడుచుకున్నాయి. సరిగ్గా ఎనిమిది.