తొలిగుక్క తనిఖీదారు

గడియారాలు బాగుచేసే ఆయనకు ఒకటే జబ్బు. ఇంట్లో ఎవరి గ్లాసులో ఏం పోసినా తొలిగుక్క ఆయనదే కావాలి. పళ్లరసమైనా, కాఫీ అయినా, పిల్లల దగ్గుమందైనా సరే, చెయ్యి చాచి లాక్కుని, ఒక గుక్క పుక్కిలించి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పాకే ఆ గ్లాసు అసలు మనిషికి చేరేది. చుట్టాలు ఆయన్ని చూస్తే గ్లాసు వీపు వెనక దాచుకునేవారు.

"ఆ ఎంగిలి చెయ్యడమేమిటండీ, పసిపిల్లాడిలా!" అని భార్య విసుక్కునేది.

"ఎంగిలి కాదోయ్, తనిఖీ!"

ఆ తనిఖీ మీద ఆమెకు పాత కోపం. కొత్తకాపురంలో ఆమె మొట్టమొదట చేసిన కూరగాయల సూప్‌ను ఈ మహానుభావుడు తొలిగుక్క అంటూ మొదలుపెట్టి, గిన్నె అడుగు కనిపించేదాకా తాగేశాడు. అత్తమామలకు గరిటెడు మిగల్చలేదు. చేసినావిడకు వాసన కూడా దక్కలేదు. "నా తొలివంట నా నోటికి అందనివ్వని తిండిపోతు" అని, ఏ మాట మొదలైనా ఆమె అక్కడికే లాక్కొచ్చేది. పిల్లలకు ఆ కథ కంఠతా వచ్చేసింది.

కొడుకు పెళ్లయ్యాక అందరూ కలిసి కూర్చునే మొదటి విందు వచ్చింది. రకరకాల వైన్‌లు రుచి చూడాలన్నది ఆయన పథకం. ఇక హుషారుకు పగ్గాల్లేవు. పొద్దున్నే దుకాణానికి తాళం వేశాడు. పేరు చూసి మెచ్చుకునే మోసం జరక్కుండా ప్రతి సీసాకూ ఒక మేజోడు తొడిగాడు.

"నాన్నా, ఇవి ఉతికినవేనా?" కూతురు ముక్కు మూసుకుంది.

"వాసన చూసి చెప్పు. అదీ పరీక్షే!"

చారల మేజోడులో ఉన్న చిన్న సీసా కొత్తకోడలిది. పెరటి తీగకు కాసిన ద్రాక్షతో తొలిసారి తానే చేసింది. "బాగా లేదన్నారంటే మళ్లీ ద్రాక్ష జోలికే పోను అత్తయ్యా" అంటూ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

ఆడపడుచు ఊరుకుంటుందా! "వదినా, మా నాన్న నాలుకకు మొహమాటం తెలీదు. రుమాలు దగ్గర పెట్టుకో."

"నువ్వు నోరు మూసుకుని రొట్టె కొయ్యవే!" అని తల్లి కసిరింది.

గ్లాసులు నిండాయి. ఆయన కంటికి పనిలో వాడే భూతద్దం బిగించి, ఎవర్నీ వదలకుండా తొలిగుక్కలు లాగాడు. "ఆహా! ఇది గోడ గడియారం. మెల్లగా ఊగి, మింగాక గంట కొడుతుంది." రెండోదానికి ఎగిరిపడ్డాడు. "అలారం! గొంతు దిగకముందే గోల!" చల్లటి తెల్లదానికి మెత్తబడ్డాడు. "ఇది ఆడవాళ్ల చేతి గడియారం. సన్నగా, నాజూగ్గా..."

"నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి నాన్నా," అన్నాడు కొడుకు.

"నీ నాలుకకు కీ ఇవ్వాలిరా!"

చివరికి చారల మేజోడు వంతు వచ్చింది. ఆయన ఒక గుక్క తీసుకున్నాడు. పుక్కిలించాడు. భూతద్దం కంటినుంచి జారి పళ్లెంలో పడింది. కోడలు టేబుల్ గుడ్డ అంచును తాడులా మెలిపెట్టేసింది.

"ఏం గడియారం నాన్నా?" కూతురు ముందుకు వంగింది.

ఆయన గభాలున సీసాను చంకలో ఇరికించుకున్నాడు. "గడియారమా? గంటస్తంభం! ఒక్క చుక్క కూడా ఎవరికీ ఇవ్వను!"

"అన్యాయం!" అంటూ పిల్లలిద్దరూ వెంటపడ్డారు. ఆయన టేబుల్ చుట్టూ పరిగెడుతూనే గటగటా తాగేశాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, "ఆనందం, ఆనందం!" అని తుడుచుకున్నాడు.

కోడలి మొహం వెలిగిపోయింది. "మామయ్యగారికి అంత నచ్చిందా అత్తయ్యా!"

"నచ్చడం కాదమ్మా, తిండిపోతుతనం. నా సూప్‌కూ ఇదే గతి పట్టింది!"

విందయ్యాక భార్య ఆ సీసా కడగబోతే అడుగున కాస్త మిగిలి ఉంది. సూప్ ఎలాగూ దక్కలేదు, ఇదైనా దక్కనీ అని వేలిమీద వంచుకుని నాకింది. నాలుక చుట్ట చుట్టుకుపోయింది. వైన్ కాదు, అచ్చమైన వెనిగర్! పక్కన చూస్తే మొగుడు కుళాయి కింద నోరు పెట్టి పుక్కిలిస్తున్నాడు.

"ఇదా మీరు తాగింది!"

"ష్! పిల్ల వింటుంది. ముచ్చటపడి రోజూ మూత తీసి చూసుకున్నట్టుంది, గాలి తగిలి పులిసిపోయింది. నడుస్తోందా లేదా అని మాటిమాటికీ వెనక మూత విప్పితే గడియారం మాత్రం ఆగిపోదూ? రేపు మెల్లగా చెబుతాలే."

ఆమె చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "ఏవండీ... నా సూప్‌లో ఏమైంది?"

ఆయన పైకప్పు వంక చూశాడు. "ఇప్పుడెందుకులే."

"చెబుతారా, చెప్పరా?"

"గిన్నెను సబ్బుతో తోమి, కడగడం మర్చిపోయావు. మర్నాటిదాకా తేన్చినప్పుడల్లా బుడగలొచ్చాయి."

ఆమె వంటగట్టుమీద వాలిపోయి నవ్వింది. ఇన్నేళ్లూ తిట్టిన తిట్లు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే మరీ నవ్వొచ్చింది.

అంతలో కోడలు గంతులేస్తూ వచ్చింది. "మామయ్యగారూ! మీకోసం ఇంకో సీసా తెచ్చాను!"

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. అయినా చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అందుకోకముందే భార్య సీసాను లాగేసి చంకలో ఇరికించుకుంది.

"అదేం కుదరదు! ఈసారి తొలిగుక్క నాది. ఒక్క చుక్క కూడా ఎవరికీ ఇవ్వను!"