అలారం అత్త, మేకు మీద నా బిళ్ళ

తప్పు నాదే. టీ కోసం వెనక గోడ దూకుతూ నా బిళ్ళని మేకుకే వదిలేశాను, చలిగదిలో చెమటోడుస్తున్నానని సూపర్‌వైజర్ నమ్మాలని.

మా మేనత్త ఈ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఇరవై రెండేళ్ళుగా అలారం చూసుకుంటోంది. గదుల్ని చల్లబరిచే అమోనియా లీకైతే మీట నొక్కాలి. అందుకే అందరికీ అలారం అత్త. లోపలికెళ్ళేవాళ్ళు నంబరు బిళ్ళ మేకుకి తగిలించాలి, బయటికొస్తే తీసుకోవాలి. అలారం మోగాక మేకులకి మిగిలిన బిళ్ళలే లోపల చిక్కిన మనుషులు. "మనుషులు బొంకుతార్రా, మేకులు బొంకవు" అంటుంది.

ఆ పొద్దున్నే నా చిరుగుల డిక్షనరీతో ఆవిడ ప్రాణం తోడేశాను.

"అత్తా, అలారమంటే నిద్ర లేపేది, హెచ్చరించేది, అసలు భయమే కూడానట. పుట్టింది ఇటలీలో. 'ఆయుధాలు పట్టండి' అని సైనికుల కేక!"

"నీ నోటికి మీట పెట్టడం మర్చిపోయాడ్రా దేవుడు."

టీ సగంలో ఉండగా అలారం మోగింది. పరిగెత్తాను. గేటు బయట అందరూ దగ్గుతున్నారు. అత్త కుర్చీ ఖాళీ. నన్ను చూసి మెకానిక్ మొహం పాలిపోయింది.

"నువ్విక్కడున్నావా? నీ బిళ్ళ చూసి మీ అత్త మాస్కు పెట్టుకుని లోపలికెళ్ళిందిరా!"

మేకుల బోర్డు మీద రెండే బిళ్ళలు. ఒకటి నాది. రెండోది ఆవిడది, అంత కంగారులోనూ తగిలించి మరీ వెళ్ళింది.

తలుపులోంచి తెల్లగా గ్యాసు. కళ్ళు భగ్గుమన్నాయి. "అత్తా!" అని గొంతు చించుకున్నా ఆ మోతలో నాకే వినపడలేదు. ఆ పాత మాస్కు ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. నా కేక లోపలికి వినపడాలని వెళ్ళి అలారం మీట కట్టేశాను.

"అత్తా, నేను బయటే ఉన్నా! వచ్చేయ్!"

లోపల ఎక్కడో ఓ పెట్టె పడింది. తర్వాత దగ్గు. ఆ దగ్గు తలుపు దాకా వచ్చేలోపు నా ఆయుష్షు సగం కరిగిపోయింది.

బయటికొచ్చి మాస్కు లాగేసి, ముందు తన బిళ్ళ తీసుకుంది. భయం కనపడకూడదని నేను వాగాను:

"ఆయుధం లేకుండానే యుద్ధానికెళ్ళావేంటత్తా?"

నా బిళ్ళ పీకి అరచేతిలో కుక్కింది.

"ఆయుధాలు ఆ ఇటలీవాళ్ళు పట్టుకుంటార్లే. నువ్వు నీ బిళ్ళ పట్టుకో."